మోకాళ్ళ మిట్ట, చన్నీటి తొట్టి

తిరుమల కొండకు కాలినడకను పోయివచ్చినవారి యింట మరునాటి ఉదయము జరుగు ముచ్చట మన శ్రోతలలో చాలమందికి అనుభవమే. కొండ దిగిన దినమున ఏమియు తెలియదు. రాత్రి హాయిగా నిద్రపట్టును. తెల్లవారి మంచము దిగబోవునప్పటికి తొడలు బిగిసి, పిక్కలు పట్టి, గడప దాటుటకు గోడ పట్టుకొనవలసి వచ్చును. కూర్చున్నచో లేవలేరు, లేచినచో కూర్చుండలేరు. రెండవనాడు నొప్పి ఇంకను హెచ్చును. నాలుగైదు దినములకు, ఎట్లు వచ్చినదో అట్లే చెప్పకుండ పోవును.

ఈ నొప్పికి ఏ నీళ్ళు పోసుకొనవలెనను విషయమై గడచిన మార్గశిరమాసమున మా యింట ఒక వివాదము పుట్టినది. కళాశాలలో కబడ్డీ ఆడు మా మేనల్లుడు మాతోకూడ అలిపిరినుండి నడచి కొండ యెక్కినాడు. స్వామి దర్శనమైన పిమ్మట, బస్సు వలదని పట్టుబట్టి, మమ్ములను నడిపించియే దింపినాడు. మరునాడు ఉభయులమును ఒకే స్థితిలో ఉన్నాము. అతడు సోడా దుకాణమునుండి రెండు ఐసుగడ్డలు తెప్పించి, పెరటిలోని నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములో వేయించి, అందులో నడుము లోతున దిగుటకు సిద్ధపడినాడు. ఎనుబది యేండ్లు దాటిన మా తల్లి చూచి అడ్డుపడినది.

“ఉడుకునీళ్ళు పోసుకోరా నాయనా. నువ్వులనూనె కాచి ఇస్తా, ముందు పిక్కలకు రుద్దుకో. ఆ ఐసులో దిగితే కాళ్ళు కొయ్యలై పోతాయి.”

“అవ్వా, ఇదేం కొత్త సంగతి కాదు. మన పెద్దోళ్ళకు ఎప్పుడో తెలుసు. లేకపోతే కొండెక్కినోళ్ళను పుష్కరిణిలో మునగమని ఎందుకు చెప్పినారు?”

“అది దేవుడి కోసరం మునిగేది. పిక్కల కోసరం కాదు.”

ఇరువురును మావైపు చూచినారు. తీర్పు చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు. గ్రంథములు చూచి చెప్పెదమని తప్పించుకొన్నాము. ఆ చూచుటలో తేలిన సంగతులే ఈ ప్రసంగము. వైద్యము మా వృత్తి కాదు గనుక మొదట చరిత్రనే పట్టుకొందుము.

అలిపిరినుండి తిరుమలకు పోవు త్రోవలో 3,550 మెట్లున్నవి. దూరము సుమారు 9 కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురము చెంత మొదలగు శ్రీవారిమెట్టు త్రోవ పొట్టిది. 2 కిలోమీటర్లకు కొంచెము పైన, 2,388 మెట్లు. చంద్రగిరి దుర్గమున విడిసిన విజయనగర ప్రభువులు ఈ రెండవ త్రోవనే కొండకు పోయెడివారని ప్రతీతి. అలిపిరి త్రోవలో గాలిగోపురము వరకు ఎక్కుట ఏకధాటిగా సాగును. అటుపైన చాలదూరము నేల ఇంచుమించు చదునుగా నుండి, యాత్రికునకు ‘ఇక అయినది’ అను భ్రమ కలిగించును. అవ్వాచారి కోన దాటిన పిమ్మట అసలు పరీక్ష ఎదురగును. అక్కడ మెట్లు నిట్రముగా లేచి నిలిచినట్లుండును. ఎక్కువాని మోకాలు ఇంచుమించు గడ్డమును తాకును. ఆ చోటికి పేరే మోకాళ్ళ మిట్ట. మోకాళ్ళ పర్వతమనియు అందురు.

ఒక చోటికి శరీరావయవము పేరు పెట్టుట వట్టినే జరుగదు. కొండ అంతయు సాలగ్రామమయమని భావించిన భగవద్రామానుజులు పాదములు మోపుటకు వెఱచి మోకాళ్ళతో ఎక్కినారనియు, అందువలన ఈ పేరు వచ్చినదనియు వైష్ణవుల ఐతిహ్యము. ఐతిహ్యము మాట యెట్లున్నను, ఆ మెట్లెక్కిన ప్రతి సామాన్యుడును తన మోకాళ్ళను తలచుకొనక మానడు. నేటికిని కొందరు మ్రొక్కుబడిగా అచ్చట మోకాళ్ళతోనే ఎక్కుచుందురు.

ఈ మిట్టమీద అలసి సొలసిన వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు తాళ్ళపాక అన్నమాచార్యుడు. ఆయన 1408లో జన్మించి 1503లో పరమపదించినాడు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా రచించిన చరిత్రను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి వెలువరించిరి. అందులోని కథ ఇది. ఇల్లు విడిచి వచ్చిన బాలుడు ఆకలితో, బడలికతో మోకాళ్ళ పర్వతము దగ్గర వెదురుపొదల నీడను చెప్పులతోనే పడి నిదురించినాడు. అలమేలుమంగ ముదుసలి ముత్తైదువవలె కనిపించి, చెప్పులు విడిచి చూడుమని చెప్పి, తాను ఆరగించిన ప్రసాదమును ఆ పసివానికి పెట్టినది. మేము ఈ కథను చిన్ననాటినుండి వినుచున్నను, ఇంతవరకు గమనింపని దొకటి కలదు. అలసిన బాలునకు అమ్మవారు చూపిన చికిత్స నీరు కాదు. నిద్ర, అన్నము, పాదములకు చెప్పుల బరువు తప్పించుట. స్నానము తరువాతి మాట. కొండపైకి చేరి పుష్కరిణిలో మునిగినది భక్తుడుగా మునిగినాడు.

మా తల్లి మాటకు ఇది మొదటి సాక్ష్యము. కొండదారిలోని స్నానములను వరుసగా చూచినచో ఈ సాక్ష్యము బలపడును. కొండ పాదమున కపిలతీర్థము కలదు. వానకాలమున శేషాచలము మీదినుండి జలపాతము నేరుగా కోనేటిలో దుముకును. వైష్ణవులు ఆళ్వారుతీర్థమని పిలుచుకొను ఈ కోనేటి చుట్టు మెట్లు, సంధ్యావందన మంటపములు అచ్యుతరాయల కాలమున అమరినవి. పూర్వము యాత్రికులు ఇచ్చట స్నానము చేసి ఎక్కుట మొదలుపెట్టెడివారు. అనగా నొప్పి పుట్టకముందే స్నానము! పైకి చేరినపిమ్మట స్వామిపుష్కరిణిలో మునిగి, మొదట వరాహస్వామిని, పిదప శ్రీనివాసుని దర్శించుట ఆచారము. ఇదియు దర్శనమునకు ముందే. కాళ్ళు పడిన శ్రమలో సగము, అనగా దిగుట, ఇంకను మిగిలియే యున్నది. పిక్కలకొరకే స్నానము నిర్ణయించినచో, దిగివచ్చిన పిమ్మట చేయుమని చెప్పియుండవలసినది. అట్టి విధి ఎచ్చటను మా కంట పడలేదు.

శేషాచలపు అడవులలోని తీర్థముల మాటయు ఇంతే. పుష్యమాసపు పున్నమికి రామకృష్ణతీర్థ ముక్కోటి, మాఘపు పున్నమికి కుమారధార ముక్కోటి, ఫాల్గుణ పున్నమికి తుంబురుతీర్థ ముక్కోటి జరుగును. రాళ్ళుదాటి, వాగులుదాటి, గంటలకొలది నడచి జనులు ఆ చల్లని నీటిలో మునిగి మరల అంత దూరము నడచి వత్తురు. వీనిలో కుమారధార కథ మా మేనల్లునకు మిక్కిలి నచ్చినది. అడవిలో దారి తప్పిన ఒక వృద్ధుడు స్వామి ఆజ్ఞచే ఆ నీటిలో మునిగి పదునారేండ్ల కుమారుడై లేచినాడట. “చూచినారా మామయ్యా!” అని అతడు ఎగిరి గంతువేయబోయి, తొడలు సహకరింపక ఆగిపోయినాడు. కాని కథ చెప్పునది దైవానుగ్రహమును గూర్చి. కండల నొప్పికి కథను సాక్ష్యముగా పిలుచుట, స్వామివారి హుండీలో కానుకను మన వాణిజ్యపు లెక్కలో జమకట్టుటవంటిది.

మరి శ్రమపడిన శరీరమునకు మన పెద్దలు ఏమి చేసిరి? ఇక్కడ గ్రంథములు మౌనముగా లేవు. వాగ్భటుని అష్టాంగహృదయము దినచర్యను చెప్పుచు, వ్యాయామమును బలములో సగము వరకే చేయవలెననియు, చేసిన పిమ్మట ఒడలంతయు సుఖముగా మర్దింపవలెననియు నియమించినది. స్నానము బడలికను, చెమటను తొలగించునని చెప్పినది. వేడినీళ్ళు నడుమునకు దిగువ పోసుకొన్నచో బలమిచ్చుననియు, అవే తలపై పోసుకొన్నచో జుట్టునకు, కన్నులకు చెరుపనియు విభజించి చెప్పినది. ఇంతకంటె స్పష్టముగా మా తల్లి పక్షమున ఎవరు వాదింపగలరు? ఆమె వాగ్భటుని చదువలేదు. ఆమె తల్లి చెప్పినది ఆమె చెప్పినది.

రాజుల ముచ్చటకూడ ఒకటి చెప్పవలెను. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుసార్లు తిరుమలకు వచ్చినట్లు శాసనముల వలన తెలియుచున్నది. ఆ కాలమున, సుమారు 1520లో, విజయనగరమును చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు రాయలవారి వ్యాయామమును వర్ణించి వ్రాసినాడు. రాయలు తెల్లవారకముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె రాచుకొని, బరువులెత్తి, ఆ నూనె చెమటగా కారిపోవువరకు కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి స్వారిచేసి, అటుపిమ్మట స్నానమునకు పోయెడివాడట. ఏడుసార్లు కొండకు వచ్చిన దేహము అట్టి సాధనచే గట్టిపడిన దేహము. ఆయన చేసినదియు నూనె, చెమట, స్నానము. నీరు చల్లనిదో వేడిదో పేస్ వ్రాయలేదు. నూనె మాట మాత్రము మరువలేదు.

చన్నీటిని ఔషధముగా వాడు పద్ధతి శాస్త్రముగా మన తెలుగుదేశమునకు వచ్చినది ఇంచుమించు నిన్నమొన్ననే. దాని పుట్టుక యూరపులో. లివర్పూలు నగరపు వైద్యుడు జేమ్స్ కర్రీ జ్వరములకు చన్నీళ్ళు పోసి, రోగి వేడిని ఉష్ణమాపకముతో కొలిచి, 1797లో గ్రంథము ప్రకటించినాడు. తరువాత ఆస్ట్రియా సామ్రాజ్యమున గ్రేఫెన్‌బర్గు అను కొండపల్లెలో విన్సెంట్ ప్రీస్నిట్జ్ అను చదువులేని రైతు చన్నీటి చికిత్సాలయము నడిపి, దొరలను, దొరసానులను మంచునీటి ధారల క్రింద నిలిపినాడు. బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అను మతాచార్యుడు మరియొక విధముగా దానినే ప్రచారము చేసినాడు. లైప్‌జిగు నగరమున లూయీ కూనే తొట్టిస్నానములను, కటిస్నానములను ప్రవేశపెట్టినాడు. సర్వరోగములకు మూలమొక్కటే, శరీరమున చేరిన కల్మషమే అని అతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతము నిలువలేదు. తొట్టి మాత్రము నిలిచినది.

ఆ కూనే గ్రంథము భారతీయ భాషలలో మొట్టమొదట దిగినది తెలుగులోనే. వెంకట చలపతి శర్మగారు 1894లో దానిని తెనిగించిరి. బిజ్నూరు వాస్తవ్యుడు కిషన్ స్వరూప్ హిందీ, ఉర్దూ భాషలలోనికి తెచ్చినది పదేండ్ల పిమ్మట, 1904లో. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కొంత గర్వము, కొంత వింత కలిగినవి. రాయలసీమ యిండ్లలో నూనె కాగుచున్న కాలముననే, చల్లని నీటి తొట్టిలో కూర్చుండుమని చెప్పు పుస్తకము తెలుగులో అచ్చయి యుండెను! గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో కూనేను చదివి తొట్టిస్నానములను తానును చేసి, ఇతరులకును చేయించినాడు. బొంబాయిలో కుమారుడు మణిలాలు సన్నిపాతజ్వరమున పడినప్పుడు కూనే స్నానములను, తడిగుడ్డ చుట్టుటను నమ్ముకొన్న ఘట్టము ఆయన ఆత్మకథలో కలదు. తరువాత తెలుగునాట ప్రకృతి చికిత్సాలయములు వెలసినవి. కటిస్నానమునకని చేయించిన రేకుతొట్టి మా చిన్ననాట ఒక బంధువుల యింట అటకమీద ఉండెడిది. అందులో ఎవరును కూర్చుండగా మేము చూడలేదు, వడియములు పోసియుంచెడివారు.

అయితే గమనింపుడు: కర్రీ చన్నీళ్ళు జ్వరమునకు. కూనే తొట్టి అజీర్ణమునకు, మలబద్ధమునకు, సమస్తమునకు. కొండ దిగినవాని తొడలకని వీరిలో ఎవరును ప్రత్యేకించి చెప్పలేదు. ఆటగాండ్ర కండలకు మంచును జతచేసినది ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధము. అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్ 1978లో క్రీడావైద్యముపై వ్రాసిన గ్రంథములో, దెబ్బ తగిలిన అవయవమునకు విశ్రాంతి, మంచు, బిగికట్టు, ఎత్తున నుంచుట అను నాలుగు ఉపచారములను చెప్పినాడు. అది లోకమంతట సూత్రమువలె పాకినది. 2002లో బ్రిటిషు పరుగుకత్తె పౌలా రాడ్‌క్లిఫ్ మ్యూనిచ్‌లో యూరపు ఛాంపియనై, మంచునీటి తొట్టి తనకు మేలు చేసినదని చెప్పిన పిమ్మట ఆటగాండ్ర బసలన్నిటను తొట్లు వెలసినవి. ఈ పరంపరలోని చివరి తొట్టియే మా పెరటిలోని నీలిడ్రమ్ము. అదియు అజీర్ణమునకు కాక పిక్కలకని వాడబడిన తొట్టియే. మొదటి ఉపదేశకుడైన మర్కిన్ 2014లో, మంచు మాన్పును ఆలస్యము చేయవచ్చునని తన మాటనే కొంత ఉపసంహరించుకొన్నాడు. ఆ వార్త తొట్లదాక చేరినట్లు లేదు.

ఇక అసలు ప్రశ్న. నొప్పి ఎందులకు మరునాడే వచ్చును? చాలకాలము లాక్టికామ్లము కండలలో పేరుకొనుటవలన అని అనుకొనెడివారు. నేటికిని కొందరు వ్యాయామోపాధ్యాయులు ఇదే చెప్పుదురు. కాని ఆ ఆమ్లము విశ్రమించిన గంట, గంటన్నరలో రక్తము వెంట పోవును, మరునాటికి ఉండదు. థియోడర్ హఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1902లోనే, ఈ ఆలస్యపు నొప్పికి కారణము కండలోనే కలుగు సూక్ష్మమైన చీలికలై యుండవలెనని ఊహించినాడు.

ఆ చీలికలు ఎక్కుటవలన కలుగునా, దిగుటవలనా? ఎక్కుటయే కష్టము గనుక ఎక్కుటవలన అని ఎవరైనను అందురు. అది పొరపాటు. నూతినుండి నీళ్ళు తోడువానిని తలచుకొనుడు. బరువైన చేదను పైకి లాగునప్పుడు కండ కురుచనగుచు పనిచేయును. నిండుచేదను చేయి జారనీయక మెల్లగా క్రిందికి దించునప్పుడు కండ బిగిసియుండి సాగుచు పనిచేయును. మెట్టు దిగునప్పుడు తొడ ముందరి కండ చేయు పని ఈ రెండవది. మన దేహభారమునకు అది బండిచక్రపు అడ్డుకట్టవలె నిలుచును. 1952లో అబట్, బిగ్లండ్, రిచీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు రెండు సైకిళ్ళను వెనుకకు వెనుక చేర్చి ఒకే గొలుసుతో కలిపిరి. ఒకరు ముందుకు త్రొక్కవలెను. ఇంకొకరు ఆ తిరుగుడును అడ్డగించవలెను. లండనులో దీనిని ప్రదర్శించినప్పుడు, చిన్న శరీరముగల ఒక స్త్రీ అడ్డగించుచుండగా దృఢకాయుడగు పురుషుడు త్రొక్కలేక అలసిపోయినాడట. అడ్డగించుటకు పట్టు ఊపిరి తక్కువ. కాని అందులోనే మోసమున్నది. తక్కువ పోగులు కలిసి అంత భారమును మోయును గనుక ఒక్కొక్క పోగుపై పడు లాగుడు ఎక్కువ. 1981లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు కొందరిచే మరల మరల మెట్లు దిగించి, పిక్కనుండి సూదితో చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు పోగులలోని సన్నని అడ్డుగీతలు చెదరియుండుట కనిపించినది.

ఈ సంగతి తెలిసిన పిమ్మట మాకు మన కొండ చరిత్రయే మరియొక విధముగా కనిపించినది. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944 ఏప్రిలులో తెరువబడినది. అంతవరకు డోలీ యెక్కలేని ప్రతివాడును నడచి ఎక్కవలెను, నడచి దిగవలెను. రెండవ ఘాటురోడ్డు 1974లో వచ్చినది. నేడు నడకయాత్రికులలో పలువురు మెట్లెక్కి పోయి బస్సులో దిగుదురు. ‘సగము పుణ్యము బస్సుకు పోయినది’ అని పెద్దలు వారిని ఎగతాళి చేయుట విన్నాము. పుణ్యము లెక్క మాకు తెలియదు గాని, నొప్పిలో పెద్దపాలు మాత్రము బస్సుకే పోయినది. మన తాతలు, అవ్వలు ఆ రెండు పాళ్ళును అనుభవించినవారు. తిరుగుప్రయాణమున రైలులోనో, ఎద్దులబండిలోనో, మడచిన కాళ్ళు చాపలేక వారెట్లు కూర్చుండిరో!

చన్నీళ్ళు ఈ చీలికల నొప్పిని తగ్గించునా? 2012లో కాక్రేన్ సంస్థవారు అంతవరకు జరిగిన 17 చిన్న ప్రయోగములను, 366 మంది ఫలితములను, కూడబెట్టి చూచిరి. వ్యాయామము ముగిసిన వెంటనే చన్నీటిలో దిగినవారికి, ఊరక విశ్రమించినవారికంటె తరువాతి నాలుగు దినములును నొప్పి కొంత తక్కువగా నున్నదని తేలినది. ఆ నీరు చాలవరకు 10 నుండి 15 డిగ్రీల సెంటీగ్రేడు. మన కోనేళ్ళు, బావులు సాధారణముగా అంత చల్లగా నుండవు. నవంబరు చలిలో మనకు వణకు పుట్టించు నీరుకూడ ఆ ప్రయోగశాలలలో చన్నీరనిపించుకొనదు. చలికి రక్తనాళములు ముడుచుకొనును, నరములు నొప్పివార్తను మెల్లగా మోయును, నీటి ఒత్తిడికి వాపు కొంత అణగును అని కారణములు చెప్పుదురు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. తాను దిగినది చన్నీరో కాదో దిగినవానికి తెలియకుండ చేయుట అసాధ్యము. నమ్మకము వేరు, నీరు వేరు అని విడదీయుట యెట్లు? 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. కొందరిని చన్నీట, కొందరిని గోరువెచ్చని నీట దింపిరి. మరికొందరిని గోరువెచ్చని నీటిలోనే దింపి, అందు కండలకు మేలుచేయు ప్రత్యేకమైన నూనె కలిపినామని చెప్పిరి. కలిపినది ఒడలు కడుగుకొను మామూలు సబ్బుద్రవము. ఆ నూనెను నమ్మినవారు చన్నీట దిగినవారితో సమానముగా బలము పుంజుకొనిరి! ఈ ముక్క చదివి వినిపించినప్పుడు మా తల్లి నవ్వి, “నూనె అన్నారు కదా, అందుకే” అన్నది.

ఆస్ట్రేలియాలోనే 2015లో వెలువడిన మరియొక ప్రయోగము ఆటగాండ్రు వినదగినది. పండ్రెండు వారములు బరువులెత్తి కండ పెంచుకొనువారిలో, ప్రతిసారి చన్నీట దిగినవారికంటె, మెల్లగా సైకిలు త్రొక్కి చల్లబడినవారికే కండయు బలమును ఎక్కువ పెరిగినవి. చీలికను మాన్పుచు దేహము కండను గట్టిచేయును; ఆ పనికి చలి అడ్డుపడును. కనుక రేపు మరల పోటీ యున్నవానికి తొట్టి ఉపయోగము. సాధనచేయువానికి నిత్యము కూడదు. 2018లో 99 పరిశోధనలను కలిపి చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ ఆలస్యపు నొప్పికి అన్నిటికంటె ఎక్కువ ఉపశమనమిచ్చునది మర్దనమని తేల్చిరి.

ఇంతవరకు చూచిన పిమ్మట మేము తీర్పు చెప్పక తప్పలేదు. చరిత్ర విషయమున తల్లి గెలిచినది. పుష్కరిణి పిక్కలకొరకు కాదు; మన పెద్దలకు సర్వము తెలియునని చెప్పుటకు వారు చేయని పనిని వారికి అంటగట్టనక్కరలేదు. వారు చేసిన మర్దనము చాలును. కండల విషయమున మేనల్లునిదియు పూర్తిగా తప్పు కాదు. అయితే అతడు డ్రమ్ములో దిగినది మరునాడు. ప్రయోగములలో దిగినది వ్యాయామమైన వెంటనే. ఒక దినము ఆలస్యముగా వచ్చిన వకీలువలె అతని వాదము బలముండియు ఓడినది.

ఒక హెచ్చరిక చెప్పనిదే ఈ ప్రసంగమును ముగింపరాదు. మిక్కిలి చల్లని నీటిలో ఒక్కుమ్మడి దిగినచో ఊపిరి తనంత తాను ఎగబీల్చును, గుండె వడి హెచ్చును, రక్తపుపోటు లేచును. హృద్రోగము, రక్తపుపోటు కలవారు, వృద్ధులు ఐసుతొట్ల జోలికి పోరాదు. వానలలో తలకోనవంటి జలపాతముల క్రింద కాళ్ళనొప్పి తీర్చుకొనబోవుటయు కూడదు. బిగిసిన తొడలు పాచిరాళ్ళమీద నిలువవు.

మూడు వారముల పిమ్మట మా మేనల్లుడు స్నేహితులతో మరల నడచి కొండ యెక్కి, నడచియే దిగినాడు. మరునాడు మేము పనిగట్టుకొని చూడబోతిమి. అతడు పెరటిలో దొడ్డిగోడ దూకుచున్నాడు. నొప్పి లేదు. ఒకసారి దిగుటకు అలవాటుపడిన కండ కొన్ని వారములపాటు రెండవసారి నొవ్వదనియు, అది శాస్త్రజ్ఞులు ఎరిగిన విషయమే యనియు మేము వివరింపబోతిమి. అతడు ఐసు గుణమన్నాడు. మా తల్లి నూనె గుణమన్నది. డ్రమ్ము ప్రస్తుతము కరివేపచెట్టునకు నీళ్ళు నిలువచేయుటకు ఉపయోగపడుచున్నది.